మనవడి ‘వారర్’, అమ్మమ్మ ‘షెడ్యూలు’

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. డల్లాస్‌లో పుట్టి పెరిగిన మా మనవడు సెలవులకొచ్చి, నేను షెడ్యూల్ అన్నా, విటమిన్ అన్నా, టమాటా అన్నా కిసుక్కున నవ్వుతున్నాడు. వాడేమో స్కెడ్యూల్, వైటమిన్ అంటాడు. మొన్న ‘వారర్, వారర్’ అంటుంటే ఎవరో వారి గురించి అనుకున్నాను, తీరా చూస్తే మంచినీళ్లు! ఇన్నేళ్లూ పిల్లలకి తప్పు నేర్పానా?
– ఒక అమ్మమ్మ

జవాబు: అయ్యో, తప్పేమీ లేదండి టీచరుగారూ. మీరు నేర్పింది బ్రిటిష్ పలుకు, వాడిది అమెరికా పలుకు. షెడ్యూల్ సంగతే చూడండి, ఈ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో దాని మొదట ఉన్నది ‘స’, సెడ్యూల్ అన్నట్టు పలికేవారు, ఆ తర్వాతెప్పుడో ఇంగ్లండులో ‘ష’, అమెరికాలో ‘స్క’ స్థిరపడ్డాయి కాబట్టి పాతదనం లెక్కన చూస్తే మీ ఇద్దరిదీ ఓటమే. ఇప్పుడు ఇంగ్లండు కుర్రకారు కూడా చాలామంది ‘స్కెడ్యూల్’ అంటున్నారనుకోండి, ఆ ముక్క వాడికి చెప్పకండి.

పోనీ ఇంగ్లండుది అసలు, అమెరికాది పాడైంది అందామా అంటే అదీ కుదరదు. డాక్టర్, కార్ లాంటి మాటల చివర ‘ర’ అమెరికాలో గట్టిగా వినిపిస్తుంది, లండన్ వైపు ‘డాక్ట’, ‘కా’ అని మింగేస్తారు. కానీ అమెరికాకి మొదట వలసపోయిన రోజుల్లో, అంటే 17వ శతాబ్దంలో, ఇంగ్లండులోనూ చాలామంది ఆ ‘ర’ పలికేవారే, 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి గాని లండన్‌లో అది జారిపోవడం ఊపందుకోలేదు. మనమైతే ‘డాక్టరు’, ‘కారు’ అని దానిమీద ఒక ఉకారం కూడా ఎక్కించి కూర్చోబెట్టాం, ఇక జారే ప్రశ్నే లేదు. ఇంగ్లండులోనే ఊరూరికీ మారుతుందండీ, ఉత్తరాన యార్క్‌షైర్ వైపు బస్‌ని ‘బుస్’ అన్నట్టు పలుకుతారు, మన చేలల్లో ఎవరైనా ఆ మాటంటే కర్ర అందుకుంటాం.

వారర్ కథ ఇదీ. రెండు అచ్చుల మధ్య వచ్చే ‘ట’ని అమెరికావాళ్లు చాలా మాటల్లో నాలుక కొస అలా తగిలించి వదిలేస్తారు, అది మన ‘ర’ పలికే తీరే, అందుకే మన చెవికి వాటర్ ‘వారర్’ అయింది, బెటర్ ‘బెరర్’ అయింది. వాణ్ణి టమాటా అనమని చూడండి, ‘టమేరో’ అంటాడు. అప్పుడు మీరు నవ్వొచ్చు.

అన్నట్టు మనం అన్నింటికీ బ్రిటిష్ పక్షం కాదు. మీ కాలవ మీద లాకులున్నాయి కదా, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర కాలం నుంచీ ఆ మాట మన నోట్లో ఉంది. బ్రిటిష్‌వాళ్లు లాక్ అనేటప్పుడు నోరు గుండ్రంగా చుట్టి, ‘ఆ’కీ ‘ఒ’కీ మధ్యలో ఒక పొట్టి అచ్చు పలుకుతారు. మనకి అది లేదు, దగ్గర్లో ఉన్నది ‘ఆ’, దాంతో లాకు, కాలేజీ, డాక్టరు, చివరికి కాటన్ దొర పేరు కూడా అమెరికావాళ్లు పలికే అచ్చుకే దగ్గరయ్యాయి. వాళ్లని విని నేర్చుకున్నది కాదు, అలా కలిసొచ్చింది. కట్టించింది ఇంగ్లీషు దొర, పలుకు మాత్రం మీ మనవడి పక్షం!

ప్రశ్న: భీమవరంలో ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాను. క్యాంపస్ ఇంటర్వ్యూలకి ట్రైనింగ్ ఇస్తున్న సార్ నాది ‘గోదావరి ఇంగ్లీషు’ అంటున్నారు. ఎగ్‌ని ‘యెగ్గు’ అంటున్నానట, జీరోలో జెడ్ శబ్దం రావట్లేదట. జూ మాత్రం బాగానే అంటున్నానట! చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ఇందులో గోదావరి పాపం ఏమీ లేదు. మాట మొదట ‘ఎ’ వస్తే ‘య’ చేర్చడం, ‘ఒ’ వస్తే ‘వ’ చేర్చడం తెలుగువాళ్ల అలవాటు, ఎక్కడని యెక్కడ అంటాం, ఒకటిని వొకటి అంటాం, ఎగ్గుకీ అదే మర్యాద చేశాం. గోదావరి యాస అంటే ఆ సాగదీసే రాగమూ, మాటకి ముందు ‘ఆయ్’ వెనక ‘అండి’యూను, అది వదులుకోమని నేను మాత్రం చెప్పను.

జూ వచ్చి జీరో రాకపోవడమే అసలు తమాషా. మనకి ‘జ’లు రెండు. జడ, జామకాయ అన్నప్పుడు ఒక జ, జీడిపప్పు అన్నప్పుడు ఇంకొకటి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో వీటినే దంత్యం, తాలవ్యం అన్నాడు, ఇ, ఈ, ఎ, ఏల ముందు తాలవ్యం వస్తుంది, మిగతా అచ్చుల ముందు దంత్యం. ఆ దంత్యమే జెడ్‌కి దగ్గర. జూలో ‘ఊ’ ఉంది కాబట్టి నోరు దానంతటదే సరైన జ పట్టుకుంది, జీరోలో ‘ఈ’ కనపడగానే జీడిపప్పు దగ్గరికి పోయింది. జడలో జ దగ్గర ఆగి, నాలుక పళ్లకి తగలనివ్వకుండా తుమ్మెద ఝుంకారంలా సాగదీసి, దానికి ‘ఈరో’ కలుపు. నాలుగు రోజుల్లో వస్తుంది.

అసలు నిన్ను ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి, వాటి సంగతి ఎవరూ చెప్పరు. మనం ‘పెన్’ అంటే అమెరికావాడికి ‘బెన్’ అని వినపడొచ్చు. ఇంగ్లీషులో మాట మొదటి ప, ట, క లతో పాటు కాస్త గాలి బయటికొస్తుంది, మన అచ్చ తెలుగు మాటల్లో అది ఉండదు. ఫోన్‌లో స్పెల్లింగు చెప్తూ నేను ‘పి’ అంటే అటువైపు ‘బి’ అని రాసుకుని, నా ఇంటిపేరు మార్చేసి పార్సిల్ పంపించారొకసారి. మూతి ముందు పల్చటి కాగితం పట్టుకుని ‘పెన్’ అను, కాగితం కదిలిందా పాసయ్యావు. ఇంకోటి, ఊనిక. హోటల్ అనేటప్పుడు మనం ‘హో’ మీద బరువేస్తాం, ఇంగ్లీషువాళ్లు ‘టెల్’ మీద వేస్తారు, బరువు తప్పు చోట పడితే తెలిసిన మాట కూడా వాళ్లకి అందదు. ‘యెగ్గు’ అంటే మాత్రం కోడిగుడ్డే అని ఎవరికైనా తెలుస్తుంది, దాన్ని చివర చూసుకోవచ్చు.

ప్రశ్న: ఇంగ్లండులో ఒక ఊరి పేరు రాసినట్టు చదివితే లీసెస్టర్, పలకాల్సింది లెస్టర్ అట. ఇదేం పద్ధతండీ?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీరు తాడేపల్లిగూడెం బస్సెక్కి కండక్టర్‌ని ‘గూడెం ఒకటి’ అనే కదా అడుగుతారు? రాజమహేంద్రవరం రాజమండ్రి ఎలా అయిందో వాళ్లదీ అలాగే, రోజూ వాడే పేరు నోట్లో అరుగుతుంది, కాగితం మీద అరగదు. మీ ఊరి పేరునైతే వాళ్లే అరగదీసి కోకనాడ (Cocanada) చేసి పెట్టారు. వాళ్లు వెళ్లిపోయారు గాని కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ ఈ రోజుకీ సీసీటీయే, ఈసారి టికెట్ తీసుకున్నప్పుడు చూడండి.