పంటి వేరులో నింపే సిమెంట్‌ను ఎలా పరీక్షిస్తారు?

తిరుపతిలో రూట్ కెనాల్ చేయించుకున్న ఒకరి ప్రశ్న: "వేరులో నింపిన సిమెంట్ ఒంటికి పడుతుందని ముందే ఎలా తెలుస్తుంది?"

వేరు లోపల ప్రధానంగా నింపేది గట్టాపర్చా అనే రబ్బరు లాంటి పదార్థం. దానికీ పంటి గోడకూ మధ్య సందులను పూడ్చేది సిమెంట్. ఈ సిమెంట్ భౌతిక గుణాలకు ఐఎస్ఓ 6876 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. లడ్డూ ఊళ్లో పాకం సంగతి వేరే చెప్పాలా? ముదిరితే పారదు, పలచనైతే నిలవదు. ఇక్కడా అంతే. రెండు గాజు పలకల మధ్య 0.05 మిల్లీలీటర్ల సిమెంట్ ఉంచి 120 గ్రాముల బరువుతో నొక్కితే, అది కనీసం 17 మిల్లీమీటర్ల వ్యాసానికి పరుచుకోవాలి. పొర మందం 50 మైక్రాన్లు మించకూడదు. గట్టిపడ్డాక ఒక రోజు నీటిలో ఉంచితే 3 శాతానికి మించి కరగకూడదు. ఎక్స్‌రేలో కనీసం 3 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం అంత తెల్లగా కనిపించాలి.

శరీరంతో పొత్తు కుదరడం వేరే పరీక్ష. సిమెంట్ నానిన ద్రవాన్ని ప్రయోగశాలలో పెంచిన కణాలపై వేసి ఎన్ని బతికాయో చూస్తారు. తరువాత జంతువుల కణజాలంలో ఉంచి వాపును గమనిస్తారు. అప్పుడే కలిపిన సిమెంట్ దాదాపు ఎప్పుడూ కణాలకు కొంత చేటే. గట్టిపడ్డాక ఆ గుణం బాగా తగ్గుతుంది. అందుకే రెండు స్థితుల్లోనూ చూడని ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను. లవంగ నూనెలోని యూజెనాల్ కలిసిన పాత రకాలూ కణాలకు ఘాటైనవే, వాసన ఎంత ఇంపుగా ఉన్నా!