కాలుష్య పర్మిట్ల వ్యాపారం వల్ల ఫ్యాక్టరీలు నిజంగా మారతాయా?

మారతాయి, కాకపోతే పర్మిట్లు కొరతగా ఉండి వాటి రేటు జేబుకు తగిలినప్పుడే. ఫ్యాక్టరీలన్నీ కలిపి ఎంత కాలుష్యం వదలొచ్చో ప్రభుత్వం ముందే తేల్చి, ఆ మేరకే పర్మిట్లు ఇస్తుంది. తక్కువ వదిలినవాళ్లు మిగిలినవి అమ్ముకుంటారు, హద్దు దాటినవాళ్లు కొనుక్కోవాలి. అంటే పొగకు కూడా కరెంటు బిల్లులా లెక్క మొదలవుతుంది. యూరప్‌లో 2005లో కార్బన్‌కు, అంటే బొగ్గులాంటివి మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌కు, పెట్టిన పర్మిట్ల మార్కెట్‌లో మొదట పర్మిట్లు మరీ ఎక్కువిచ్చారు, 2007కల్లా రేటు దాదాపు సున్నాకి పడిపోయింది. అలాంటప్పుడు కొత్త మెషినరీ ఎవరు కొంటారు?

సూరత్‌లో బొగ్గు మండించే బట్టల మిల్లులకు 2019లో ధూళి పర్మిట్ల మార్కెట్ పెట్టారు. చిమ్నీకి బిగించిన మీటరు ధూళిని ఆగకుండా కొలుస్తూనే ఉంటుంది. మార్కెట్‌లో చేరిన మిల్లుల ధూళి, చేరనివాటితో పోలిస్తే 20 నుంచి 30 శాతం తగ్గింది. అయితే ఇక్కడ రేటు ధూళికే, కార్బన్‌కు కాదు. కాబట్టి బొగ్గు మానేయాలన్న ఒత్తిడి దీనితో పెద్దగా రాదు.

‘డబ్బున్నవాడు ఎంతైనా పొగ వదలొచ్చు’ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. హద్దు మొత్తానికి కలిపి ఉంటుంది కాబట్టి, ఒకరు అదనంగా కొన్నారంటే ఇంకొకరు అంత మేర తగ్గించినట్టే.