చప్పుడు కంటే ముందు పడే మంచు

చిరంజీవికి ఆశీస్సులు.

అలాస్కాలోని గ్లేసియర్ బే మీద నువ్వు రాసిన యాత్రా వ్యాసం రెండుసార్లు చదివాను. 'అద్భుతం' ఏడుచోట్ల ఉంది, ఎత్తు ఒక్కచోటా లేదు. మార్జరీ హిమానీనదం నీటిమట్టం నుంచి దాదాపు 250 అడుగులు లేస్తుంది, వెడల్పు మైలు దాకా ఉంటుంది. ఉత్త అంకె మన పాఠకుడి కళ్లకు కట్టదు. చార్మినార్ 56 మీటర్లు కదా, దాని నెత్తిన ఇంకో ఆరంతస్తులు వేస్తే ఆ గోడ ఎత్తు వస్తుంది. ఈ పోలిక ఒక్కసారే వాడు. రెండోసారి వాడావంటే అలాస్కాలో పాతబస్తీ వెలుస్తుంది!

మంచు విరిగిపడే ఘట్టమే వ్యాసానికి ప్రాణం, తప్పు కూడా అక్కడే జరిగింది. 'ఫెళ్లున చప్పుడు విని తలతిప్పేసరికి మంచు కూలుతోంది' అన్నావు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. ఓడ కిలోమీటరు దూరంలో ఆగితే ఆ ఉరుము చేరడానికి మూడు సెకన్లు పడుతుంది. ముందు చిటపట పగుళ్లు వినిపిస్తే వినిపించవచ్చు గానీ, పెళ్ల మాత్రం మూగగా జారుతుంది. తర్వాత ఉరుము, చాలాసేపటికి అల, అప్పుడు ఓడ ఊగుతుంది. ఉరుము విని తిరిగినవాడికి కనబడేది ఎగసిన నీళ్లే. ఆ మూడు సెకన్ల మౌనాన్ని వాక్యంలో పట్టు.

జోడియాక్ రబ్బరు పడవను ఒక్క ముక్కలో దాటేశావు. చిన్న ఓడ ఎక్కిందే అందుకు కదా! దిగేటప్పుడు సిబ్బంది అరచెయ్యి అందుకోరు, ముంజేతికి ముంజెయ్యి పెనవేస్తారు. తడి గ్లవ్ జారినా మనిషి జారడు. ఇంజిన్ ఆపాక తేలే మంచుముక్కల్లోంచి సోడా పొంగినట్టు చిరుశబ్దం వస్తుంది. ఏనాడో చిక్కుకున్న గాలి బుడగలు పగలడం అది. పెద్ద ఓడ పై డెక్ మీదివాళ్లకు వినపడదు.

ఇక జూన్‌లో జాన్స్ హాప్కిన్స్ అనే సముద్రపు పాయలో సీల్ పిల్లల్ని చూశానన్నావు. మే 1 నుంచి జూన్ 30 వరకు అక్కడికి ఏ పడవనూ రానివ్వరు. తల్లులు మంచుపలకల మీద ఈనే కాలం అది. బెదిరి నీళ్లలోకి దూకితే పిల్ల తల్లికి దూరమవుతుంది. పెద్ద క్రూజ్ ఓడలకైతే ఆగస్టు ఆఖరు దాకా నిషేధమే. తేదీ తప్పో, పాయ పేరు తప్పో నోట్సు తీసి చూసుకో. అన్నట్టు, నోట్సు పెన్సిల్‌తోనే రాయి. చలికి బాల్‌పెన్ మొరాయిస్తుంది, వానకు ఇంకు కారుతుంది.

'మనిషి అడుగుపెట్టని చోటు' అన్నమాట కొట్టెయ్. అది హూనా ట్లింగిట్ ఆదివాసుల సొంత నేల. ముందుకు తోసుకొచ్చిన మంచు వాళ్లను వెళ్లగొట్టింది. 1794లో ఆంగ్ల నావికుడు వాంకూవర్ మనుషులకు అక్కడ తీరంలో కనిపించింది ఓ అయిదు మైళ్ల నొక్కే, ఆపైనంతా మంచే. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు నలభై మైళ్లకు పైగా వెనక్కి పోయింది. 2016లో అక్కడి బార్ట్‌లెట్ కోవ్ రేవులో ఆ ట్లింగిట్ వంశాల ఉమ్మడి ఇల్లు మళ్లీ లేచింది.

కిట్టివేక్ పక్షులు మంచుగోడ అడుగునే ఎందుకు మూగాయో మాత్రం చెప్పలేదు. గోడ కిందినుంచి వచ్చే కరుగునీరు ఉప్పునీటికన్నా తేలిక. అందుకే పైకి ఎగదన్నుతూ సన్నజీవాల్ని మోసుకొస్తుంది, పక్షులకు అదే మేత. ఇది రెండు వాక్యాల్లో కలిపి తిరిగి పంపు.