ఊరు మున్సిపాలిటీ అయితే సేద్యం సంగతేంటి?

ప్రశ్న: మాది హైదరాబాద్ పక్కనే శంకర్‌పల్లి. చుట్టూ వెంచర్లే. ఇంకా కూరగాయలు పండిస్తున్న మాలాంటి వాళ్లకు మున్సిపాలిటీ ఏమైనా చేయగలదా? – ఓ పాఠకురాలు

జవాబు: చేయగలదండీ, చాలానే. ముందు చెరువు సంగతి చూడండి. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే మేర) హద్దురాళ్లు కనిపించేలా పాతించమని అర్జీ పెట్టండి, ఎందుకంటే చెరువు పోయిందంటే మీ బోర్లు ఎండటానికి ఎంతో కాలం పట్టదు. ఎండాకాలంలో పూడిక తీసినప్పుడు ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతో పొలానికి తోలుకుంటే ఎరువుల ఖర్చు కొంత తగ్గుతుంది, చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకంలో చాలా ఊళ్లు చేసింది ఇదే. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. అదంతా డివైడర్ల మీద పూలమొక్కలకే పోకుండా చెరువు కట్ట మీద చెట్లకూ అడగండి. తడిచెత్తతో చేసిన కంపోస్టు రైతులు తీసుకెళ్తారు గానీ, అందులో గాజుపెంకులూ పాల ప్యాకెట్ల ముక్కలూ ఉంటే పొలంలో ఎవరు చల్లుకుంటారు? చెత్త వేరు చేయడం ఇంట్లోనే జరగాలి. ఇక అమ్మకం అంటారా, 1999లో మొదలైన రైతుబజార్లలాగా దళారీ లేకుండా రైతే అమ్ముకునే చోటు మీ ఊళ్లోనూ అడగొచ్చు, కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్లే కొంటారు. ఏ భూమిని దేనికి వాడాలో తేల్చే మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు మాత్రం అస్సలు ఊరుకోకండి, గడువులోగా అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి.