ముందు డ్రమ్మర్ పేరు చూడు

చిన్నీ,

ఆశీస్సులు. జాజ్ సంగీతం, అందులోనూ కొత్త కాలంది, ఎలా వినాలో చెప్పమని అడుగుతూ నువ్వు పంపిన వంద ఆల్బమ్‌ల లిస్టు చూశాను. పదో నంబరు దగ్గరే విసుగొచ్చిందని రాశావు. రాదా మరి! వందమంది కొత్తవాళ్ళను వరసగా నిలబెట్టి పరిచయం చేస్తే ఎవరి మొహం గుర్తుంటుంది? ఆ లిస్టు పక్కన పెట్టెయ్. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఏదైనా ఆల్బమ్ నచ్చితే అట్ట మీది పెద్దక్షరాలతో ఆగిపోకు, వెనకాల చిన్నక్షరాల్లో ఉన్న పేర్లు చదువు. ముఖ్యంగా డ్రమ్స్ ఎవరు, బేస్ (కింది స్థాయి స్వరాలు పలికే పెద్ద తీగల వాయిద్యం) ఎవరు అన్నది చూడు. వాళ్ళు ఇంకా ఎవరెవరితో వాయించారో వెతుక్కుంటూ పో.

జాజ్ ఆల్బమ్ ఒకరి పేరు మీద వస్తుంది గానీ అది ఒక్కరి పని కాదమ్మా. చాలా రికార్డుల్లో రాసుకున్న ట్యూన్ మొదట ఒకసారి, చివర ఒకసారి వినపడుతుంది. మధ్యలోదంతా అప్పటికప్పుడు పుట్టించేదే. సోలో వాయించేవాడు ఎటు పోయినా, ఆ ట్యూన్ తాలూకు చట్రం మాత్రం అడుగున తిరుగుతూనే ఉంటుంది. దాన్ని నిలబెట్టేది, ఒక్కోసారి కావాలని కదిలించేది కూడా, బేస్, డ్రమ్స్ వాయించేవాళ్ళే. "అందరూ తలో దారిన వాయిస్తున్నట్టుంది" అని రాశావు చూడు, అది నీ చెవి ఒక్క శాక్సఫోన్ వెంటే పోతున్నందువల్ల.

అందుకే పాతదే అయినా ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'తో మొదలుపెట్టు. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. మొదటి ట్రాక్ 'సో వాట్'లో ట్యూన్ చెప్పేది పాల్ చేంబర్స్ బేస్. మిగతావాళ్ళు రెండు స్వరాలతో బదులిస్తారు, అంతే. 32 బార్ల చుట్టు అది (ఇందులో బార్ అంటే నాలుగు తాళం దెబ్బలు). పదహారు బార్లు ఒకచోట ఉంటుంది, ఎనిమిది బార్లు అర మెట్టు పైకి జరుగుతుంది, మళ్ళీ ఎనిమిది బార్లు కిందికి వచ్చేస్తుంది. ఆ జరగడం ఒక్కటి పట్టుకో చాలు, ఎవరు సోలో తీసుకున్నా మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది. సుమారు ఒకటిన్నర నిమిషం దగ్గర మైల్స్ డేవిస్ సోలో మొదలవుతూనే డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్ళెం) మీద ఒక దెబ్బ వేస్తాడు. ఆ మోత ట్రంపెట్ కింద ఎంతసేపు నిలుస్తుందో విను. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినాలి, ఫోన్ స్పీకర్లో బేస్ సగం చచ్చిపోతుంది.

అందులో పియానో వాయించిన బిల్ ఎవాన్స్ (ఒక్క ట్రాక్‌లో తప్ప, దానికి వింటన్ కెల్లీ) తర్వాత తన ట్రయో, అంటే ముగ్గురి బృందం, పెట్టుకున్నాడు. బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. 1961 జూన్ 25న విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించింది 'సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్'గా వచ్చింది. వెనకాల గ్లాసుల చప్పుడు, జనం మాటలు వినపడుతూనే ఉంటాయి. వాటిని పట్టించుకోకు. లఫారో బేస్‌ను పక్కవాయిద్యంలా వాయించడు, పియానోతో సమానంగా కబుర్లాడుతుంటాడు. మొదటి ట్రాక్ 'గ్లోరియాస్ స్టెప్' అతను రాసిందే. ఆ రికార్డింగ్ అయిన పదకొండు రోజులకు కారు ప్రమాదంలో పోయాడు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఎవాన్స్ బయట వాయించలేదు.

ఇక నువ్వు అడిగిన కొత్త కాలం. నా మాట విని బ్రయాన్ బ్లేడ్ అనే డ్రమ్మర్‌ని పట్టుకో. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో వాళ్ళ నాన్న పాస్టర్. ఆ చర్చిలోనే డ్రమ్స్ మొదలుపెట్టాడు. పాట ఊపిరి పీల్చుకునే చోటు తెలిసిన వాయింపు అది. చప్పుడు లేకుండా నడుస్తుంటాడు, మనం ఆదమరిచి ఉండగా ఒక్కసారి విరుచుకుపడతాడు. 1994లో వచ్చిన శాక్సఫోన్ వాద్యకారుడు జాషువా రెడ్‌మన్ 'మూడ్‌స్వింగ్'లో ఇతనే ఉన్నాడు. పియానో బ్రాడ్ మెల్డావ్, బేస్ క్రిస్టియన్ మెక్‌బ్రైడ్. నలుగురూ అప్పుడు ఇరవైల్లో ఉన్నారు. తర్వాత ఎవరి బృందాలు వాళ్ళు పెట్టుకుని పేరు తెచ్చుకున్నారు. 2020లో అదే నలుగురితో 'రౌండ్ అగేన్' వచ్చింది. రెండూ ఒకే రోజు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి విను. మొదటిదాంట్లో ట్యూన్లన్నీ రెడ్‌మన్‌వే. రెండోదానికి నలుగురూ రాశారు. ఆ తేడా వాయింపులోనే తెలుస్తుంది, రెండోదాంట్లో ఎవరికీ తొందర ఉండదు.

అదే బ్లేడ్, శాక్సఫోన్ వాయించే వేన్ షార్టర్ దగ్గర పూర్తిగా వేరే మనిషి. షార్టర్ 'ఫుట్‌ప్రింట్స్' అనే ట్యూన్ రాసి 1966లో 'ఆడమ్స్ ఆపిల్' ఆల్బమ్ కోసం రికార్డు చేశాడు. ముందు అది బాగా విని బేస్ వరస కూనిరాగం తీసేంతగా నోటికి తెచ్చుకో. అప్పుడు 2002లో వచ్చిన 'ఫుట్‌ప్రింట్స్ లైవ్' పెట్టు. డానీలో పెరెస్ (పియానో), జాన్ పాటిటూచి (బేస్), బ్లేడ్ ఆ ట్యూన్‌ని ముక్కముక్కలు చేసి ఒకరి మీదికి ఒకరు విసురుకుంటారు. పాతది తెలియకుండా ఇది వింటే ఏమీ దక్కదు. తెలిసి వింటే నవ్వొస్తుంది, ఆ అల్లరికి.

పియానో వాయించే విజయ్ అయ్యర్ని కూడా ఇలాగే వినొచ్చు. 'బ్రేక్ స్టఫ్' (2015)లో డ్రమ్స్ మార్కస్ గిల్‌మోర్, పాతకాలపు శాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్‌తో వాయించిన డ్రమ్మర్ రాయ్ హేన్స్‌కి మనవడు. 'అనీజీ' (2021)కి వచ్చేసరికి డ్రమ్స్ టైషాన్ సోరీ, బేస్ లిండా మే హాన్ ఓ. పియానో అదే మనిషిది, కానీ నడక మారిపోతుంది. సోరీ పెద్ద స్వరకర్త కూడా, 2024లో సంగీతానికి పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. నాకైతే రెండోదే ఎక్కువ ఇష్టం. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు.

శాక్సఫోన్ వాయించే కమాసీ వాషింగ్టన్ 'ద ఎపిక్' అందరూ వినమంటున్నారని రాశావు. మూడు డిస్కులు, దాదాపు మూడు గంటలు. మంచిదే, కానీ ఇప్పుడే వద్దు. వినాలనిపిస్తే రోజుకొక డిస్కు చాలు.

ఒక చిక్కుంది. పాటలు వినే యాపుల్లో వాయించినవాళ్ళ పేర్లు చాలాసార్లు ఉండవు. లేబుల్ (ఆల్బమ్ విడుదల చేసిన కంపెనీ) వాళ్ళ సొంత పేజీలో చూడు, లేదా డిజిటల్ బుక్‌లెట్ ఇచ్చేచోట కొను. కొనడం అంటే గుర్తొచ్చింది. పక్కన వాయించేవాళ్ళకి సాధారణంగా ఆ రోజు కూలీ తప్ప అమ్మకాల్లో వాటా ఉండదు. స్ట్రీమింగ్ మీద పెద్దగా రాదు. స్వరకర్త మరియా ష్నైడర్ తన ఆర్కెస్ట్రా ఆల్బమ్ 'కాన్సర్ట్ ఇన్ ద గార్డెన్' (2004)ని శ్రోతల దగ్గర ముందే డబ్బు తీసుకుని చేసి, దుకాణాలకు పంపకుండా ఇంటర్నెట్‌లోనే అమ్మింది. దానికి గ్రామీ కూడా వచ్చింది. నీకు బాగా నచ్చినవి ఏడాదికి రెండు మూడైనా డబ్బు పెట్టి కొను.

ముందు బ్లేడ్ ఉన్న మూడూ విని రాయి. ఏ ట్రాక్ దగ్గర విసుగొచ్చిందో కూడా రాయి. దాన్నిబట్టి తర్వాత ఏ డ్రమ్మర్ దగ్గరికి పంపాలో చెప్తాను.

నీ పెద్దమ్మ