బాలింతకు దయ్యం పట్టిందంటున్నారు, ఆస్పత్రికి తీసుకెళ్తే అవిశ్వాసమా?

ప్రశ్న: కానుపుకని పుట్టింటికి వెళ్ళిన నా భార్యకు పాప పుట్టి పద్దెనిమిది రోజులైంది. వారం నుంచి కంటి మీద కునుకు లేదు. పాప తనది కాదని, ఎవరో మార్చేశారని అంటోంది. గోడవైపు చూసి మాట్లాడుతోంది. దురాత్మ పట్టిందని అత్తగారు వాళ్ళు ప్రార్థన మందిరానికి తీసుకెళ్ళారు. మూడు రోజులుగా ఉపవాసం ఉంచి, నూనె రాసి, జుట్టు పట్టుకుని గద్దిస్తున్నారు. డాక్టర్ పేరెత్తితే నాకు విశ్వాసం లేదంటున్నారు. నేనూ విశ్వాసినే. ఏం చేయను?

జవాబు: తమ్ముడూ, ముందు బండెక్కండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

మీరు రాసినవన్నీ బాలింతలకు వచ్చే ఒక తీవ్రమైన మానసిక జబ్బు లక్షణాలు. వెయ్యి కానుపుల్లో ఒకరిద్దరికి వస్తుంది, చాలామందికి మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. మనిషిని చూడకుండా జబ్బు ఇదేనని నేను ఖాయం చేయలేను. ఇన్ఫెక్షన్, థైరాయిడ్ తేడా వల్ల కూడా ఇలా కావచ్చు, ఆస్పత్రిలో అవీ చూస్తారు. కానీ ఆ భ్రమలో తల్లి తనకో బిడ్డకో హాని చేసే ప్రమాదం ఉంది కాబట్టి ఒక్క పూట కూడా ఆగకూడదు. వేళకు మందు పడితే ఎక్కువమంది కొన్ని వారాల్లో, నెలల్లో కోలుకుంటారు.

పాపను ఆమె దగ్గర ఒంటరిగా వదలకండి. అలాగని చేతుల్లోంచి లాక్కోకండి. "పాప నీదే" అని వాదనకు దిగొద్దు. "నీకు భయంగా ఉంది కదా, నేనున్నాను" అంటే చాలు. అన్నం పెట్టండి. డిశ్చార్జి కాగితాలు పట్టుకుని పెద్ద ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్ళండి. బండి దొరక్కపోతే 108. ఎక్కడికెళ్ళాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పాలివ్వొచ్చో లేదో డాక్టర్ చెబుతారు. కొన్నాళ్ళు డబ్బా పాలు పట్టినా ఆమె తల్లితనానికి లోటేమీ లేదు.

ఇక విశ్వాసం సంగతి. నేనూ మందిరంలో పెరిగినదాన్నే. అపవాది, అంటే సాతాను, లేడని మీకు చెప్పడానికి నేను రాయడం లేదు. కానీ మత్తయి 4:24 తీసి చూడండి. యేసు దగ్గరికి తెచ్చినవాళ్ళలో దయ్యం పట్టినవారిని, చాంద్రరోగులను (మూర్ఛ రోగులను), పక్షవాయువు గలవారిని వేరువేరుగా రాశాడు. కనిపించిన ప్రతి రోగాన్నీ దయ్యమనలేదు. మార్కు 5వ అధ్యాయంలో సమాధుల్లో తిరిగే మనిషిని సంకెళ్ళతో కట్టింది ఊరివాళ్ళు. యేసు అతన్ని కట్టలేదు, కొట్టలేదు, పేరు అడిగాడు. అదే అధ్యాయం చివర చనిపోయిన పన్నెండేళ్ళ పిల్లను లేపి, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. పాలిచ్చే తల్లిని మూడు రోజులు పస్తుంచడానికి ఆయన పేరు వాడుకుంటున్నారంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. "మనము పోరాడునది శరీరులతో కాదు" అని ఎఫెసీ పత్రికలో ఉంది. మీ ఇంట్లో ఆ దెబ్బలన్నీ పడుతున్నది ఒక పచ్చి బాలింత శరీరం మీదే.

ఇది ఎంతవరకు పోతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. జర్మనీలో అన్నెలీస్ మిషెల్ అనే అమ్మాయి మూర్ఛకు మందులు వాడిన మనిషి. దయ్యాలున్నాయని చర్చి అనుమతితోనే ఇద్దరు గురువులు 67 సార్లు ఆమెపై భూతవైద్యం జరిపారు. తిండి మానేసి 1976లో, 23 ఏళ్ళకే చనిపోయింది. అప్పటికి బరువు దాదాపు 30 కిలోలు. 1978లో కోర్టు ఆ గురువులతో పాటు తల్లిదండ్రులను కూడా దోషులుగా తేల్చింది. వాళ్ళు కూతురిని ప్రేమించనివాళ్ళు కారు.

మీ అత్తగారూ అంతే. మా అమ్మమ్మ కాలంలో బాలింత ఇలా మాట్లాడితే గాలి సోకిందని వేపమండలతో కొట్టేవారు. మండలు పోయి నూనె సీసా వచ్చింది, ఆ భయం మాత్రం అలాగే ఉంది. కాబట్టి ఆమెతో గొడవపడకండి. "అత్తయ్యా, ప్రార్థన ఆపమనడం లేదు. ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని చేద్దాం. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే కదా" అనండి. మందిరం పాస్టరు అయ్యగారిని కూడా అక్కడికే వచ్చి ప్రార్థన చేయమనండి. వస్తే మంచిది. రాకపోయినా మీరు ఆగకండి.

ఒక మాట ముందే చెప్పి ఉంచుతాను. ఇలాంటి జబ్బు నుంచి బయటపడ్డ ఒకామె తేరుకున్న రోజు నా చెయ్యి పట్టుకుని మొదట అడిగింది, "నేను బాబును ఏమైనా చేశానా అక్కా?" అని. ఆమెకు కొంత గుర్తుంది, కొంత లేదు. మీ ఆవిడా అడుగుతుంది. "నీకు జబ్బు చేసింది, తగ్గింది, పాప బాగుంది" అని చెప్పండి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. మరో కానుపు అనుకున్నప్పుడు ఈ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి, మళ్ళీ వచ్చే అవకాశం ఉంది. ఆమెను స్టేజీ ఎక్కించి "నాలోంచి దయ్యం వదిలింది" అని సాక్ష్యం చెప్పించాలని ఎవరైనా అంటే మాత్రం భర్తగా మీరు అడ్డు నిలబడండి. ఆ పేరు ఊళ్ళో ఆమె వెంట, రేపు ఆ పాప వెంట కూడా తిరుగుతుంది.