ట్రాఫిక్‌లోనే ఇంజిన్ వేడెక్కుతుంటే థర్మోస్టాట్ తీయించాలా?

ప్రశ్న: నా పెట్రోలు కారు వయసు తొమ్మిదేళ్లు. హైవే మీద ఎంత దూరం నడిపినా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలకడగా ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ వెళ్లవలసి వస్తే మాత్రం కొద్ది నిమిషాల్లోనే ఎర్రగీత దగ్గరికి పోతోంది, ఏసీ వేస్తే ఇంకా తొందరగా. దీనికి తోడు కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతూ ఉండటంతో వారానికోసారి కుళాయి నీళ్లు పోస్తున్నాను. థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. తీయించమంటారా?

జవాబు: దయచేసి తీయించకండి. జబ్బు ఎక్కడుందో మీరు రాసిన లక్షణాలే చాలావరకు చెబుతున్నాయి, అది థర్మోస్టాట్‌లో ఉన్నట్లు లేదు. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు. అది మూసుకుపోయి ఇరుక్కుంటే కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లే దారే ఉండదు కాబట్టి, ఇంజిన్ ఎక్కువ వేడిని పుట్టించే హైవే మీద ముల్లు ఇంకా ముందే పైకి లేవాలి. మీ కారు వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తోంది. ఆగినప్పుడు ఆ పని చేయవలసింది ఫ్యాన్. కనుక ముందుగా అనుమానించవలసింది దాన్నే.

బండిని నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసి, బానెట్ ఎత్తి చూడండి. చాలా కార్లలో ఏసీ వేసిన కాసేపటికే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే మొదట ఫ్యూజ్ చూసి, తర్వాత ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చు) ఉన్న చోట అదే నంబరున్న మరో రిలే పెట్టి చూడండి. అప్పటికీ కదలకపోతే మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించి పరీక్షించాలి. అలా ఇచ్చినప్పుడు తిరిగితే మోటారు బాగున్నట్లే, లోపం వైరింగులోనో టెంపరేచర్ సెన్సార్‌లోనో ఉంటుంది. రెండు వేగాలతో నడిచే ఫ్యాన్లలో తక్కువ వేగానికి వాడే రెసిస్టర్ కాలిపోవడం కూడా తరచుగా జరిగేదే. అప్పుడు ఫ్యాన్ బాగా వేడెక్కాక ఒక్కసారిగా పెద్ద వేగంతో తిరుగుతుంది కాబట్టి, చూసేవారికి అంతా సవ్యంగానే ఉన్నట్లు కనిపిస్తుంది. ఇదంతా చూసేటప్పుడు ఫ్యాన్ దగ్గర చేతులు పెట్టకండి, ఎందుకంటే ఎన్నో కార్లలో ఇంజిన్ ఆపిన తర్వాత కూడా అది దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది.

ఫ్యాన్ చక్కగా పనిచేస్తుంటే, ఏసీ కండెన్సర్‌కూ దాని వెనకున్న రేడియేటర్‌కూ మధ్యనున్న సందులోకి టార్చి వేసి చూడండి. దుమ్ము, పురుగులు, ఎండుటాకులు అక్కడ మందంగా పేరుకుపోయి ఉండవచ్చు, ముందు నుంచి చూస్తే అవి కనబడవు. ఇంజిన్ చల్లారాక, వీలైనంతవరకు ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టించాలి. ప్రెషర్ వాషర్‌ను దగ్గరగా పెట్టి కొడితే పలుచని రేకులు వంగిపోయి గాలి మరింత ఆగిపోతుంది.

కూలెంట్ తగ్గడం ఇంకో సమస్య, దాన్ని విడిగా పట్టుకోవాలి. ఈ వ్యవస్థ మూసి ఉంచిన ప్రెషర్ కుక్కర్ వంటిది. రేడియేటర్ మూత సుమారు 1 బార్ ఒత్తిడిని నిలబెట్టినప్పుడు, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగవలసిన నీరు దాదాపు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూతలోని రబ్బరు గట్టిపడి ఒత్తిడిని వదిలేస్తుంటే కూలెంట్ ముందే మరిగి బయటికి పోతుంది. ఖర్చు తక్కువ గనుక ముందుగా ఆ మూతను మార్పించడం మంచిది. తర్వాత చల్లని ఇంజిన్ మీద చేతిపంపుతో ప్రెషర్ టెస్ట్ చేయించండి. మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు గాలి ఎక్కించి పావుగంట ఉంచినప్పుడు గేజి ముల్లు దిగిందంటే కూలెంట్ ఎక్కడో కారుతున్నట్లే. హోస్ పైపుల బిగింపులతో పాటు వాటర్ పంప్ అడుగునున్న సన్నని రంధ్రాన్ని కూడా చూడమనండి. అక్కడ కూలెంట్ రంగులో ఎండిన చార కనిపిస్తే పంప్ సీల్ పోయినట్లు అర్థం. బయట తడి ఎక్కడా లేకున్నా మట్టం తగ్గుతుంటే, వేడెక్కిన తర్వాత కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లని పొగ వస్తుంటే, లేదా ఉదయం స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే రేడియేటర్ పైహోస్ రాయిలా బిగుసుకుంటుంటే, ఇంజిన్ బ్లాక్‌కూ దాని పైభాగానికీ మధ్య సీల్‌గా ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను పరీక్షించాల్సిందే.

ఇక థర్మోస్టాట్ సంగతి. అది లేని ఇంజిన్ హైవే మీద తగినంత వేడెక్కదు, చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువగా పంపుతూనే ఉంటుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు. అనుమానం తీరాలంటే దాన్ని విప్పించి వేడినీళ్లలో వేలాడదీసి చూడండి. దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర, అది సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య ఉంటుంది, వాల్వు తెరుచుకోవడం కళ్లారా కనిపిస్తుంది. తెరుచుకోకపోతే కొత్తది వేయించాలే తప్ప చోటు ఖాళీగా వదలకూడదు.

కుళాయి నీళ్లు ఇకనైనా మానండి. వాటిలోని లవణాలు రేడియేటర్ సన్నగొట్టాల్లో పొరలుగా పేరుకుంటాయి. పాత ద్రవాన్ని పూర్తిగా తీయించి, కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సమపాళ్లలో కలిపి పోయించండి. గాలి బుడగలు చిక్కుకుంటే వేడి తగ్గదు కాబట్టి, నింపిన తర్వాత హీటర్‌ను పూర్తి వేడిలో ఉంచి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడపాలి, చల్లారాక మట్టం చూసి మళ్లీ నింపాలి.

ప్రశ్న: దారిలో ముల్లు ఎర్రగీత దాటితే వెంటనే ఏం చేయాలి?

జవాబు: ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి బ్లోయర్‌ను గరిష్ఠంగా తిప్పండి, ఆ వేడిగాలి ఇంజిన్ నుంచి కొంత వేడిని లాగేస్తుంది. సురక్షితమైన చోటు దొరకగానే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. పైహోస్ చేతికి చల్లగా తగిలేదాకా మూత జోలికి వెళ్లవద్దు, తెరిస్తే మరుగుతున్న ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. వేడి ఇంజిన్ మీద చల్లనీళ్లు పోయవద్దు, లోహం పగలవచ్చు. హీటర్ నుంచి చల్లగాలే వస్తుంటే కూలెంట్ దాదాపు ఖాళీ అయిందని, లేదా అసలు తిరగడం లేదని అనుకోండి. అలాంటప్పుడు సెన్సార్ చుట్టూ ద్రవం ఉండకపోవచ్చు గనుక ముల్లు దిగినా దాన్ని నమ్మి బయలుదేరకండి, బండిని లాగించుకుని వెళ్లండి.